మంచె కట్టిన పడవ

1941 ఆగస్టు 3, పెద్దరాయి రేవు

ఈ ఇంట్లో మనిషి ఊరికే నిలబడి నీళ్ల వైపు చూడకూడదు. చూస్తే రోగం. రోగం కాకపోతే ప్రేమ. రెండూ కాకపోతే దయ్యం.

అవ్వ దయ్యమే అంటుంది. ఆమె బాప్తిస్మం తీసుకుని నా వయసుకంటే ఎక్కువ కాలమే అయింది. కానీ కృష్ణ ఒడ్డున ఒంటరిగా నిలబడ్డ ఆడపిల్లను ఏదో ఒకటి పట్టుకుంటుందన్న నమ్మకం మాత్రం ఆ రోజు ఆమెతోపాటు నీళ్లలో మునగలేదు. నిన్న నా చేతికి నల్లదారం కట్టబోతే బాపు చూసి కోప్పడ్డాడు. కోప్పడి తను చేసిందేమిటి? ఇవాళ ఆదివారం ప్రార్థనలో నన్ను లేపి నిలబెట్టి, "ప్రభువా, మా బిడ్డ రాహేలు మనసు బొంబాయి నుంచి ఇంటికి మళ్లించు" అని అందరి ముందూ కళ్లు మూసుకున్నాడు. నేను తెరిచే ఉంచాను. ఊరంతా ఆమెన్ అంది, అవసరానికి మించిన ఉత్సాహంతో.

అక్క సలోమి ఇంకో దారిలో వచ్చింది. బియ్యం చెరుగుతూ చెరుగుతూ, తల ఎత్తకుండా, "ఎవడే వాడు?" అంది.

"ఎవడు?"

"బొంబాయిల వదిలిపెట్టి వచ్చినవు గదా, వాడు. మామకు ఎరుకనా?"

నవ్వొచ్చింది. నవ్వాను. "చూసినవా, సిగ్గుపడుతున్నవ్" అంది.

ఇక్కడ రాసుకుంటే ఆమెన్ అనేవాళ్లు ఉండరు కాబట్టి రాస్తున్నాను. నేను చూస్తున్నది అక్క మొగుడు జానయ్య బావ కొత్త పడవని. ఖాళీగా ఉన్నప్పుడు ఎంత లోతుకు కూచుంటుంది, జొన్న బస్తాలు ఎక్కితే ఎంత దిగుతుంది, ఒక పక్కన నలుగురు దూకితే ఎంత ఒరుగుతుంది. అంతే. మద్రాసులో లెక్కల డిగ్రీ చదివి వచ్చిన పిల్ల పడవ వంక చూస్తే పడవనే చూస్తోందని ఒక్కరికీ తోచదు!

వాళ్ల తప్పు కాదేమో. మే నెలలో బొంబాయిలో, ఓడల కంపెనీలో పనిచేసే యోహాను మామతో డ్రై డాక్‌లోకి దిగినది వాళ్లు కాదు. నీళ్లన్నీ తోడేసిన గోతిలో ఇంత పెద్ద ఓడ, కడుపు బయటపెట్టుకుని, దిమ్మెల మీద కూర్చుని ఉంది. ఓడలను తనిఖీ చేసే సర్వేయరు దొర చిన్న సుత్తి పట్టుకుని దాని రేకును కొడుతూ, ఒక్కో దెబ్బకూ తల వంచి వింటూ పోతున్నాడు. మామ వెనక నుంచి రాసుకుంటున్నాడు. ఓడ పక్కన తెల్ల రంగుతో ఒక గుండ్రం, దాని నడుమ అడ్డగీత. ఆ గీత మునిగేంత సరుకు ఎక్కితే ఓడ రేవు దాటడానికి వీల్లేదు. ఏడాదికోసారి తనిఖీ. ప్రాణాలు కాపాడే చిన్న పడవలు సరిగ్గా ఉన్నాయా, పంపులు నీళ్లు తోడుతున్నాయా, నిప్పు అంటుకుంటే ఆర్పే గొట్టాలున్నాయా. ఒక్కటి లేకపోయినా సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ లేకపోతే ఎంత గొప్పవాడి ఓడైనా రేవులో పడి ఉండాల్సిందే.

ఒక మనిషి సంతకం ఒక ఓడను ఆపుతుంది. ఆ రోజు నుంచి నాకు ఇంకేమీ రుచించడం లేదు. దీనికి నల్లదారం పనిచేస్తుందా?

ఆగస్టు 7

బావ దేవరకొండ నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. కొత్త హుకుం పడిందట. పోయినేడు కింది రేవులో పడవ మునిగి మనుషులు పోయారు కదా, ఇకమీదట పెద్ద పడవ ఏదైనా సరే తనిఖీ సర్టిఫికెట్ లేకుండా మనుషులను గానీ పశువులను గానీ ఎక్కించకూడదు. తనిఖీ చేయాల్సింది ఇంజనీరు. ఇంజనీర్లందరూ డిండి కట్ట పని మీద ఉన్నారు.

"వాళ్లొచ్చేటాల్లకు గొల్లోళ్లు పుట్లెక్కి పోతరు. ఇగ నా పడవల చేపలు పెంచుకోవాలె" అన్నాడు బావ.

మెట్ట చెల్కలన్నీ జొన్న మీదున్నాయి. గొర్రెలకు మేపు జాగా లేదు. ఏటా ఈ రోజుల్లో బక్కయ్య వాళ్ల గొల్లలు మందలను నది దాటించి అవతలి అడవికి తోలుకుపోతారు. గుండ్రటి బుట్ట లాంటి పుట్టికి కాసిని గొర్రెలను ఎక్కించి, తిప్పుకుంటూ తిప్పుకుంటూ, రోజుల తరబడి. ఈ ఏడు మందంతా తన పడవ మీదేనని బావ మాటిచ్చాడు. బెజవాడ కాలువల మీద పడవలు కట్టే వడ్రంగులను పిలిపించి, అక్క మెడలోదీ చేతులవీ అమ్మి, కట్టించిన పడవ. అక్క పసుపు తాడుతో తిరుగుతోంది.

బావ అన్నం కలుపుతూ ఇంకో ముక్క అన్నాడు. తహసీలు కచేరీలో పేష్కారు అన్నాడట, లెక్కలు గట్టిగా చదివినవాళ్లు ఎవరున్నా సరే తీసుకురమ్మని.

నేను గిన్నె కింద పెట్టాను.

ఎవరూ నా వైపు చూడలేదు. అవ్వ, "పంతులు లేడా?" అంది. ఊళ్లో బడిపంతులు బాపే. "నాకు ఎక్కాలే గదా వచ్చేటివి" అన్నాడు. అంతా ఆలోచిస్తున్నారు. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను!

ఆగస్టు 9

కచేరీలో పేష్కారు ముందు బాపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాకు కుర్చీ వేయించారు. బాపుకు వేయించలేదు. నేను కూడా నిలబడ్డాను.

పేష్కారు నా డిగ్రీ కాయితాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, పక్కనున్న గుమాస్తాతో, "లడ్కీ హై" అన్నాడు. గుమాస్తా ముసిముసిగా నవ్వాడు. నేను అప్పుడు ఏం మాట్లాడానో అంతా గుర్తులేదు, ఆగకుండా మాట్లాడాను. ఓడల తనిఖీ గురించి, గీత గురించి. చివరకు ఆయన చేయి ఎత్తి, "హజ్ ఓడలకు గూడ గిదంత చూస్తరా?" అని అడిగాడు.

"వాటికి ఇంకా ఎక్కువ సాబ్. ఎంతమందిని ఎక్కించాలో, ఒక్కొక్కరికి పండుకోడానికి ఎంత జాగా ఇవ్వాలో, తాగే నీళ్లు ఎన్నో, డాక్టరు ఉన్నాడో లేదో. అన్నీ చూసి సంతకం పెడితేనే ఓడ కదులుతుంది."

"మా అమ్మీజాన్ బొంబాయిల ఓడెక్కి పొయ్యొచ్చింది. యుద్ధం రాకముందు. రేవుల రెండు దినాలు ఆపిండ్రంట. ఎందుకాపిండ్రో చెప్పలేదంట. తిట్టుకుంట కూసున్నదంట."

"తనిఖీ అయ్యి ఉంటది సాబ్."

 ఆయన డిగ్రీ కాయితం బాపు చేతికి కాదు, నా చేతికి ఇచ్చాడు. "తహసీల్దార్ సాబ్‌తోని నేను మాట్లాడుత. బిడ్డా, సంతకానికి మీసముంటదా?" అన్నాడు.

తిరుగు బండిలో బాపు నార్కట్‌పల్లి సంత గురించి, ఎడ్ల గురించి, వాన గురించి మాట్లాడాడు. ఊరు కనపడ్డాక మాత్రం, దారిలో ఎదురైన ప్రతి మనిషినీ ఆపి, "మా చిన్నబిడ్డ సర్కారు తనిఖీకి పోతాంది" అన్నాడు.

ఆగస్టు 10

ప్రార్థనలో నా పేరు రాలేదు. హాయి.

ఆగస్టు 12

ఒళ్లంతా పడవ సందులకు పూసే కీలు వాసన. ఎంత బాగుందో!

తహసీల్దారు ఒప్పుకున్నాడని నిన్న కబురొచ్చింది. పడవను ఒడ్డుకు లాగించి, పక్కకు వాల్చి, చీర కచ్చ బిగించి కిందికి దూరాను. కమ్మరి దగ్గర తెచ్చిన చిన్న సుత్తితో పలక పలకనూ కొట్టాను. గట్టి చెక్క టంగుమంటుంది. మెత్తబడ్డ చెక్క ఏమీ అనదు. ఒక్కచోట అది ఏమీ అనలేదు. మళ్లీ కొట్టాను. మళ్లీ ఏమీ అనలేదు. "ఈ పలక మార్చాలి" అన్నాను. పడవ నడిపే ఐలేశం ఒడ్డున బీడీ తాగుతూ, "డాక్టరమ్మా, జ్వరమేమన్న ఉన్నదా దానికి?" అన్నాడు. నీళ్లకొచ్చిన ఆడవాళ్లంతా బిందెలు దించి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే పలక మార్పించాను.

సందుల్లో నార సరిగ్గా కూరలేదు రెండు మూడు చోట్ల. మళ్లీ కూరించి కీలు పోయించాను. నీళ్లు తోడే డబ్బాలు తాళ్లతో కట్టించాను. ఈత సొరకాయ బుర్రలు తెప్పించి రెండు పక్కలా వేలాడదీయించాను. బొంబాయిలో తెల్ల రంగు పూసిన చిన్న పడవలుంటాయి, ఇక్కడ సొరకాయలు. తేలితే చాలు కదా.

సాయంత్రానికి నీళ్లలోకి తోసి, ఇసుక బస్తాలు ఎక్కించి, ఎక్కడిదాకా దిగితే పై అంచుకు తగినంత ఎత్తు మిగులుతుందో చూసి, సున్నంతో గీత గీశాను. ఇంతకు మించి మునగకూడదు. నా గీత!

బావ గీత వైపు చూసి, "పెండ్లికూతురు లెక్క ఉన్నది గదనే" అన్నాడు.

ఆగస్టు 15

మామ ఉత్తరం. మూడోసారి చదివి ఇది రాస్తున్నాను.

కంపెనీలో సర్వేయర్లు చాలడం లేదు. యుద్ధం వల్ల ఉన్నవాళ్లను ఎక్కడెక్కడికో తీసుకుపోయారు. ఓడలు బారులు తీరి ఉన్నాయి. లెక్కలు వేయడానికి ఆడమనిషైనా పర్వాలేదని దొర ఒప్పుకున్నాడు. అయితే తను చేసిన తనిఖీ రిపోర్టు ఏదైనా ఒకటి చూపించాలట. మామ రాశాడు: "ఏదైనా పడవే కానీ బిడ్డా, నీ పనేదో దొరకు కనిపియ్యాలె."

పడవ ఉంది! తనిఖీ ఉంది! ఇంకేం కావాలి? రిపోర్టు శుభ్రంగా, మచ్చ లేకుండా రావాలి.

బావ కూడా సంతోషంగా ఉన్నాడు. పడవ నడుమ గుంజలు పాతి, పైన మంచె కట్టిస్తున్నాడు, చేను కాపలాకు కట్టినట్టే, కాకపోతే పడవంత పొడుగు. కింద గొర్రెలు, పైన మనుషులు, సామాన్లు, పిల్లలు. "నీళ్లకు ఎంత ఎత్తున ఉంటే అంత మంచిది గదా" అన్నాడు. నిజమే. నీళ్లు చిందవు. చూడ్డానికి కూడా బాగుంది. ఓడలకు కూడా పైన అంతస్తులుంటాయి.

ఉంటాయి.

ఆగస్టు 18

ఒరుగుడు పరీక్ష చేశాను. ఈ ప్రాంతంలో ఇలాంటిది చేసినవాళ్లు ఇంతకుముందు లేరనే అనుకుంటున్నాను. అనుకోవడానికి నాకు బాగుంది.

మంచె అడ్డకర్రకు మేస్త్రీ తూకపు గుండు వేలాడదీసి, కింద ఒక పలక మీద గీతలు గీశాను. ఇసుక బస్తాలను ఎడమ అంచు నుంచి కుడి అంచుకు మార్పించాలి. పడవ ఒరుగుతుంది, దారం గీతల మీద జరుగుతుంది. ఎంత తక్కువ జరిగితే అంత భద్రం, దానికి లెక్క ఉంది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఐలేశం బస్తాలు మోస్తూ, "ఈ గుండు ఏం చెప్తది పిల్లా, జాతకమా?" అన్నాడు. "అవును, నీ జాతకం" అన్నాను.

దారం నేను అనుకున్నదాని కంటే ఎక్కువ జరిగింది.

గాలి ఉంది. నది మీద మధ్యాహ్నం గాలి ఎప్పుడూ ఉంటుంది.

ఆగస్టు 19

గాలే.

ఆగస్టు 20

గాలి లేని పూట మళ్లీ చేయాలి. ఈ నెలలో రేవులో గాలి లేని పూట దొరకదు. కాబట్టి మళ్లీ చేయనక్కర్లేదేమో. మిగతా రిపోర్టు రాసేశాను, ఇంగ్లీషులో, చక్కని చేతిరాతతో. చెక్క, నార, కీలు, డబ్బాలు, గీత. ఒరుగుడు దగ్గర జాగా వదిలాను.

ఆగస్టు 21

బక్కయ్య వాళ్లు వచ్చేశారు. రేవు మీద ఎక్కడ చూసినా గొర్రెలు. ఇల్లంతా గొర్రె వాసన. బావ మనిషి మనిషినీ పలకరిస్తూ పెళ్లికూతురి తండ్రిలా తిరుగుతున్నాడు.

బక్కయ్య పెండ్లాం గుర్వమ్మ మంచె ఎక్కి కూర్చుని దిగనంటోంది. చంకలో ఒకటి, ఒళ్లో ఒకటి, చిన్న గొర్రెపిల్లలు.

"పిల్లా, గిది మాకు నచ్చింది. పుట్టిల అయితే నీళ్లల్ల కూసున్నట్టే ఉంటది. గీడ చేన్ల మంచె మీద ఉన్నట్టున్నది. పులి రాదు, పంది రాదు, నీళ్లు రావు. పిల్లలన్నిటిని ఈడనే ఎక్కిస్త. మా అత్తను ఈడనే కూసోబెడుత. రోలు గూడ ఈడనే."

"రోలు ఎందుకే పైకి?" అన్నాను.

"కింద పెడితే గొర్ల కాళ్లిరగవా?"

తప్పేముంది ఆమెలో? ఈ మెట్ట నేల మీద పుట్టినవాళ్లందరికీ ఎత్తే రక్ష. చేను కాపాడుకోవాలన్నా, వరద నుంచి తప్పించుకోవాలన్నా పైకి ఎక్కడమే. నేనూ ఇక్కడ పుట్టినదాన్నే. మంచె కడుతుంటే బాగుందన్నది నేనే.

సాయంత్రం అక్క పడవ ఎక్కింది. మొదటిసారి. తన నగలన్నీ నీళ్ల మీద తేలుతున్నట్టు అన్నీ తడిమి తడిమి చూసింది. మంచె మీద మేమిద్దరం. కింద ఐలేశం ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నడిచాడు. పడవ మెల్లగా ఒక పక్కకు ఒరిగి, అక్కడ కొంచెం ఆగి, మళ్లీ మెల్లగా వచ్చింది.

"అబ్బ, తొట్టెల లెక్క ఊగుతున్నది" అంది అక్క, కళ్లు మూసుకుని. "ఈడ పండుకుంటే నిద్ర పడుతది."

 మామ గుర్తొచ్చాడు. బొంబాయి రేవులో ఒకరోజు రెండు ఓడలను చూపించి అడిగాడు. ఒకటి అలకు ఒరిగి ఉన్నపళంగా లేస్తోంది, దాని మీద మనుషులు తూలుతూ తిట్టుకుంటున్నారు. ఇంకోటి రాజు గారిలా తీరిగ్గా ఊగుతోంది. ఏది మంచిదే అని అడిగితే రెండోది అన్నాను. మామ నవ్వాడు. "నిద్ర పట్టే ఓడను నమ్మకు బిడ్డా. ఒరిగిన ఓడ గబుక్కున లెవ్వాలె. ఆలోచించుకుంట లేచే ఓడ ఒకనాడు లెవ్వదు."

అక్క కళ్లు మూసుకునే ఉంది. ఎంత హాయిగా ఉందో ఆమె ముఖం.

ఆగస్టు 22

పొద్దున గాలి లేదు. పొగ నిలువుగా పోతోంది. ఆకు కదలడం లేదు. నది అద్దంలా ఉంది, అవతలి కొండలు తలకిందులుగా కనపడుతున్నాయి. చల్లగా ఉంది. ఒక కొంగ.

దారం పలక మీది గీతలన్నీ దాటి బయటికి పోయింది.

మళ్లీ చేశాను. మళ్లీ పోయింది. మంచె మీదున్న సామాను దింపించి చేశాను, కొంచెం తక్కువ పోయింది. బస్తాలను మంచె మీదికి ఎక్కించి చేద్దామనుకుని ఆగాను. చేయనక్కర్లేదు. నాకు తెలుసు.

విచిత్రం ఏమిటంటే, భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సంతోషం. మంచె ఎత్తు కలుపుకుని వేస్తే లెక్క చెప్పిందే దారం చెప్పింది! కాయితం మీది గీత, నీటి మీది పడవ, రెండూ ఒకే మాట మాట్లాడాయి. ఒడ్డున ఒక్కదాన్నే నిలబడి చేతులు చరుచుకున్నాను. అవ్వ చూసే ఉంటుంది.

తప్పు గీతలో లేదు. బరువు ఎంత అన్నది ఒక లెక్క, బరువు ఎక్కడ అన్నది ఇంకో లెక్క. గంప నడుముకు కట్టుకున్న మనిషిని తోస్తే తట్టుకుంటాడు. అదే గంప వెదురు కొసన కట్టి నెత్తిన నిలబెట్టుకుంటే, చిటికెన వేలు చాలు.

ఆగస్టు 23

"బావా, మంచె తీసెయ్యి."

బావ నవ్వాడు. నేను నవ్వడం లేదని చూసి ఆపాడు.

"తీసేస్తే మనుషులు ఏడ కూసుంటరు? సామాను ఏడ పెడుతరు? సగం మంద ఎక్కదు. సగం మందకయితే వాళ్లకు పుట్లే నయం గదా."

"రెండు మూడు సార్లు తిప్పు. కిందే కూర్చోబెట్టు, నడుమ. అప్పుడు పడవ బాగుంటుంది. పడవ మంచిదే బావా, మంచె చెడ్డది."

"గీత నువ్వే గీసినవ్. గీత మునగలేదు. ఇగ ఇదేంది కొత్తగ?"

గుండు తెచ్చి చూపించాను. ఆయన దారం వైపు చూడలేదు, అక్క వైపు చూశాడు. అక్క పైట సర్దుకుంది. మెడ కనపడేట్టు సర్దుకుందో, కనపడకుండా సర్దుకుందో తెలియలేదు.

బాపు మెల్లగా అన్నాడు: "దేవుడు చూసుకుంటడు బిడ్డా. సంతకం పెట్టు. మీ అక్క కాపురమది."

"దేవుడు చూసుకునేటట్టయితే సర్టిఫికెట్ ఎందుకు బాపు?"

 అవ్వ, ఎవరితోనో కాదు, పొయ్యితో అన్నట్టు, "దానికి గాలి సోకలేదే. అది గాని సోకితే ఇంత గట్టిగ ఉండదు" అంది. నాకు ఇన్ని రోజుల్లో దొరికిన మంచి మాట అది.

ఆగస్టు 24

రిపోర్టులో వదిలిన జాగా అట్లాగే ఉంది. ఆ జాగాలో "సంతృప్తికరం" అని ఒక్క మాట రాస్తే బావ పడవ కదులుతుంది, నేను బొంబాయి పోతాను. నేను పోయేటప్పటికి గొల్లలు అవతలి ఒడ్డున ఉంటారు. ఏమీ కాకపోవచ్చు. చాలాసార్లు ఏమీ కాదు. మునిగిన పడవలు కూడా మునిగే ముందు చాలాసార్లు మునగలేదు.

రాయలేదు. కలం కడిగి పెట్టాను.

ఆగస్టు 25

బావ పందెం వేసినట్టు అన్నాడు: "ఒడ్డు పక్కన, రొమ్ముల లోతుల, అందరినీ ఎక్కించి చూపిస్త. ఒరుగుతదో లేదో నీ కండ్లతోని చూడు."

గొల్లలు మంచె మీద బుద్ధిగా, బొమ్మల కొలువులా కూర్చున్నారు. పిల్లలను, ముసలమ్మను, రోలును దింపించాను. బావతో దానికి ఒక గొడవ. గొర్రెపిల్లలను మాత్రం గొల్లలు దింపలేదు. కింద కొన్ని గొర్రెలు. ఐలేశం గడ వేశాడు. పడవ జరిగింది. ఏమీ కాలేదు. బావ మంచె మీద నిలబడి, "ఏందే మర్దలా, ఏడ ఒరుగుతున్నది?" అని అరిచాడు. ఒడ్డున జనం ఈలలు వేశారు.  ఒక్క క్షణం నిజంగానే, నేనే తప్పయితే ఎంత బాగుండు అనుకున్నాను.

అప్పుడు ఒక గొర్రెపిల్ల గుర్వమ్మ చేతిలోంచి జారింది.

మంచె అంచుకు పోయి, ముందు కాళ్లు గాల్లో, బే అంది. అంతే! గొల్లవాళ్లందరూ ఒక్కసారి లేచారు. ఎవరు ఆపగలరు? గొర్రెపిల్ల జారుతుంటే కూర్చుని చూసే గొల్లవాడు పుట్టలేదు. బక్కయ్య, గుర్వమ్మ, తమ్ముళ్లు, అందరూ ఆ పక్కకే, అందరి చేతులూ దాని మీదికే. కింద తల్లి గొర్రె అటు పరిగెత్తింది, దాని వెనక మిగతావన్నీ.

పడవ మెల్లగా ఒరిగింది. తొట్టెలలా. ఒరిగి ఆగింది. ఆలోచించింది. లేవలేదు.

నీళ్లు అంచు దాటి లోపలికి, చప్పుడు కూడా లేకుండా, చాపలా పరుచుకుని వచ్చాయి. మంచె గుంజలు కిర్రుమన్నాయి. తర్వాత అందరూ నీళ్లలో!

ఎంత గోల! గొర్రెలు ఈదుతున్నాయి, మనుషులు రొమ్ముల లోతులో నిలబడి దగ్గుతున్నారు, సొరకాయ బుర్రలు తేలిపోతున్నాయి, ఐలేశం తన బీడీ కట్ట కోసం మునుగుతున్నాడు. బక్కయ్య రెండు చేతులతో గొర్రెపిల్లను ఆకాశానికి ఎత్తి పట్టుకుని, "దొరికింది! దొరికింది!" అని కేకలు వేస్తున్నాడు. ఒడ్డంతా నవ్వు. నేనూ నవ్వాను, కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ నది నడుమ వైపు చూశాను. అక్కడ గడకు నేల అందదు.

నవ్వు ఆగింది.

బావ తలపాగా పిండుకుంటూ వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నీ కండ్లే పడ్డయి దాని మీద" అని పోయాడు.

ఆగస్టు 26

గొల్లలకు మంచె మీద ఇష్టం పోలేదు! పోతుందనుకున్నాను. పొద్దున గుర్వమ్మ అంటుంది, "నిన్న తప్పు మాదే పిల్లా. గొర్రెపిల్లలకు తాడు కట్టలేదు. ఈసారి అన్నిటికి తాళ్లు కడుతం, ఇగ ఫికర్ లేదు." బక్కయ్య తలూపాడు. బావ కూడా అదే మాట పట్టుకున్నాడు. "తాళ్లు కడుతం. మేం అందరం కూసునే ఉంటం. ప్రమాణం చేస్తం."

"మరి తాడు తెగితే?"

"తెగదు."

"ముసలమ్మకు వాంతి వస్తే? పిల్లాడు ఏడిస్తే? అవతలి ఒడ్డు మీద ఎవరైనా పిలిస్తే?"

బావ అన్నాడు, "నువ్వు లెక్కలు చదివినవా, శాపనార్థాలు చదివినవా?"

లెక్కలే చదివాను. ఓడ తనిఖీ అంటే మనుషులు బొమ్మల్లా ఉంటారని అనుకోకపోవడం. మనుషులు లేస్తారు. గొర్రె కోసం లేచే మనుషులంటే నాకు ఇష్టం. వాళ్లు లేచినా మునగని పడవే పడవ.

రేపు పేష్కారు వస్తున్నాడు, ముద్రతో సహా. నేను సంతకం పెట్టకపోతే ఆయన ఇంకెవరి చేతనో పెట్టిస్తాడని బావ అన్నాడు. పెట్టించనీ. పెట్టించేవాడికి ముందు నా కాయితం కనపడుతుంది.

అక్క వచ్చి నా పక్కన కూర్చుంది.  "మంచె లేకుంటే నిజంగ బాగుంటదా అది?" అంది.

"బాగుంటుంది. తిరుగుళ్లు ఎక్కువవుతాయి. నీ నగలు ఆలస్యంగా వస్తాయి."

"వస్తయా?"

"ఏమో అక్కా."

లేచి పోయింది. కోపమో కాదో తెలియలేదు.

ఆగస్టు 27, పొద్దున

ఒరుగుడు దగ్గర వదిలిన జాగా నింపాను. మంచెతో ఈ పడవ మనుషులకు గానీ పశువులకు గానీ పనికిరాదు అని రాశాను. దారం ఎంత పోయిందో, గొర్రెపిల్ల జారితే ఏమైందో, అన్నీ రాశాను. మామకు పంపే కాపీలో కూడా ఒక్క అక్షరం మార్చలేదు. మచ్చ లేని రిపోర్టు కావాలనుకున్నాను. ఇదే.

పేష్కారు ఉర్దూలోకి తర్జుమా చేసుకునేలోపే రేవులో నిలబడి గొల్లలందరికీ తెలుగులో చదువుతాను. మంచె ఎందుకు చెడ్డదో గుండుతో చూపిస్తాను. మంచె దింపితే ఇవాళే పడవకు సర్టిఫికెట్ ఇస్తాను. దింపకపోతే ఇవ్వను.